కాళ్లు చేసే పని

సెస్నా 152 ఎడమ రెక్క ముందు అంచులో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పొద్దున్నే విమానం చుట్టూ తిరిగి చూసుకునేటప్పుడు దానికి శుభ్రమైన కర్చీఫ్ అడ్డం పెట్టి, నోరు ఆనించి గాలి పీల్చాలి. లోపలున్న రీడు కూస్తుంది, సన్నాయి పీక పలికినట్టు. దానికి కరెంటు లేదు, వైరు లేదు, ఉత్త గాలే. రెక్క ఇక మోయలేనని చేతులెత్తేసే వేగానికి అయిదు పది నాట్స్ ముందు అది కూయడం మొదలుపెడుతుంది. స్టాల్ వార్నింగ్ అంటాం. పైన, ఎత్తులో అది వినపడితే ముక్కు దించాలి. రన్‌వే మీద అడుగు ఎత్తున వినపడితే సంతోషించాలి, లాండింగ్ కుదురుతోందన్నమాట.

నా దగ్గరికొచ్చే ప్రతి స్టూడెంటూ మొదటిరోజు ఆ రంధ్రానికి నోరు పెట్టాల్సిందే. కొందరు సిగ్గుపడతారు. కొత్త యూనిఫాం, భుజాన పట్టీలు, ఫోటోలు తీసే అన్నదమ్ములు గేటు బయట. నేను వదలను. ఆ కూత చెవిలో పడి ఉంటే, ఇరవై రోజుల తర్వాత రన్‌వే మీద తేలుతున్నప్పుడు కళ్లు స్పీడోమీటరు కోసం కిందికి దిగవు. కళ్లు కిందికి దిగకపోవడం ఎంత ముఖ్యమో చెబుతాను.

మాది దేవరకొండ దగ్గర ఊరు. ఏడు గుట్టల నడుమ కోట, చుట్టూ ఎర్ర చెలకలు. నాన్న బత్తాయి తోటకు నీళ్లు పెడుతుంటే నేను గట్టు మీద పడుకుని పైన పోయే శిక్షణ విమానాలు లెక్కపెట్టేవాణ్ని. ఆ ఊరి నుంచి బేగంపేట హ్యాంగర్ దాకా ఎట్లా చేరానో అది వేరే కథ. ఇరవై ఏళ్లకు పైగా కుడి సీట్లో కూర్చుంటున్నాను. ఎడమ సీటు నేర్చుకునేవాడిది, కుడి సీటు నేర్పేవాడిది. ఆ కుడి సీట్లో ఉండి నేను చేసిన ఒక తప్పు చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. దానికంటే ముందు పని గురించి కొంత తెలియాలి.

నాకు నేర్పిన సార్ పుష్పక్ తరం మనిషి. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ బెంగళూరులో తయారుచేసిన రెండు సీట్ల విమానం అది, 1958లో మొదటిసారి ఎగిరింది. మన దేశంలో చాలా ఫ్లయింగ్ క్లబ్బులు ఒక తరం పాటు దాని మీదే పైలట్లను తయారుచేశాయి. దాని మూడో చక్రం తోక కింద ఉండేది. అట్లాంటి విమానానికి బరువు ప్రధాన చక్రాల వెనకపక్క ఉంటుంది. నేల మీద ముక్కు కాస్త పక్కకు తిరిగితే వెనకున్న బరువు ముందుకు రావాలని చూస్తుంది. పట్టించుకోకపోతే గిర్రున తిరిగిపోతుంది. గ్రౌండ్ లూప్ అంటారు. సెస్నాకు మూడో చక్రం ముక్కు కింద, బరువు ప్రధాన చక్రాలకు ముందు. అందుకని కొంచెం వంకర పోయినా తనంతట తాను సర్దుకోవాలని చూస్తుంది.

"గందుకే మీరు ఖరాబైండ్రు బేటా" అనేవారు సార్. "పుష్పక్ కొట్టి నేర్పేది. సెస్నా మాఫ్ జేస్తది. మాఫ్ జేసీ జేసీ ఒకదినం జెయ్యదు."

నేను నేర్చుకున్న రోజుల్లో బేగంపేటలో పెద్ద విమానాలూ దిగేవి. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచేదాకా హైదరాబాద్‌కు అదే విమానాశ్రయం. మా రెండు సీట్ల బుడతడు హోల్డింగ్ పాయింట్ దగ్గర ముక్కు పక్కకు తిప్పుకుని నిలబడితే, ఎయిర్‌బస్ దిగి, దాని వెనకాల లేచిన సుడిగాలి చల్లారేదాకా ఆగాలి. ఆ ఎదురుచూపులోనే సార్ సగం పాఠాలు చెప్పేవారు. ఒకరోజు నేను చాలా చక్కగా దింపాను. చక్రాలు తగిలిన సంగతి కూడా తెలియలేదు. ఆ సంబరంలో ఊపిరి వదిలాను, ఊపిరితో పాటు కాళ్లూ వదిలాను. పడమటి గాలి కాస్త పక్క నుంచి కొడుతోంది. ముక్కు మెల్లగా రన్‌వే అంచు దీపాల వైపు జరిగింది. సార్ ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడలు తొక్కి మధ్య గీత మీదికి లాక్కొచ్చారు.

"లాండింగ్ అయిపోయిందని ఎవరు జెప్పిండ్రు?"

"మరి ఎప్పుడైతది సార్?"

"చక్రాలకు చాక్ బెట్టినంక." ఆగిన విమానం కదలకుండా చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మె అది.

ఇక లాండింగ్ చూడు. ఫైనల్స్ మీద ఉన్నావు, రన్‌వే ఎదురుగా ఉంది. వేగం 60 నాట్స్, ఫ్లాప్స్ దించి ఉన్నాయి, ట్రిమ్ సరిగ్గా పెట్టావు. చేతిలో ఉండే స్టీరింగ్ లాంటి యోక్‌ను పిడికిలితో పట్టుకోకు. నేను స్టూడెంట్ చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య ఒక పెన్సిల్ దూరుస్తాను. గట్టిగా బిగిస్తే పెన్సిల్ వేలిని నొక్కుతుంది, నేను చెప్పక్కర్లేదు. రన్‌వే అంచు దాటాక పవర్ తీసేస్తావు. అప్పుడు కళ్లు ఎక్కడుండాలి? రన్‌వే ఆ చివర. ముక్కు ముందర నేలను చూసేవాడికి నేల దూసుకొస్తున్నట్టు కనపడుతుంది, భయంతో యోక్ లాగేస్తాడు, పదడుగుల ఎత్తున విమానం ఆగిపోయి దబ్బున పడుతుంది. మొదటి రోజుల్లో నేను అట్లా ఎన్నిసార్లు పడేశానో లెక్కలేదు. ఆ చివరను చూస్తే నేల రెండు పక్కలా మెల్లగా పైకి లేస్తున్నట్టు ఉంటుంది. బావిలోకి మెట్లు దిగుతుంటే గోడలు లేచినట్టు. ఆ లేవడాన్ని బట్టి చేయి కొద్దికొద్దిగా వెనక్కి రావాలి. విమానాన్ని దింపొద్దు. దిగకుండా పట్టుకో. పట్టుకోగా పట్టుకోగా వేగం చచ్చి, రీడు కూస్తుండగా వెనక చక్రాలు రెండూ తగలాలి. ముక్కు చక్రం చివర, మెల్లగా.

వేగం అయిదు నాట్స్ ఎక్కువ తెస్తే విమానం దిగదు, తేలుతూ పోతుంది. రెక్కల పొడవంత ఎత్తులోపలికి వచ్చాక నేల దగ్గరి గాలి రెక్కకు ఆసరా ఇస్తుంది. తేలుతున్నవాడు ఓపిక పట్టలేక ముందుకు తోస్తే చక్రాలు తగిలి ఎగురుతుంది. ఎగిరిందని మళ్లీ తోస్తే ముక్కు చక్రం మీద పడుతుంది, ఇంకా ఎత్తుకు ఎగురుతుంది. పోర్పాయిజ్ అంటారు. మూడో ఎగురుకు ముక్కు చక్రమో, ప్రొపెల్లరో పోతుంది. మందు ఒక్కటే. మొదటి ఎగురు పెద్దదైతే అక్కడే గో-అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం. థ్రాటిల్ పూర్తిగా ముందుకు, కార్బ్ హీట్ మూసెయ్, ఫ్లాప్స్ 20కి, వేగం 55 పట్టాక మిగతాది మెల్లగా. ఇంకా ఒకటి, చాలామంది మరిచేది: కుడి కాలు. నెమ్మదిగా ఉన్న విమానానికి పూర్తి పవర్ ఇస్తే ముక్కు ఎడమకు గుంజుతుంది. కుడి పెడలు తొక్కి పట్టకపోతే, తప్పించుకోబోయిన ప్రమాదంలోకే గో-అరౌండ్ తీసుకెళ్తుంది.

మన నల్లగొండ, పాలమూరు నేల మీద ఎగరడం కోస్తా మైదానం మీద ఎగరడంలా ఉండదు. ఎర్ర చెలక, నల్లబండ గుట్ట, చెరువు, తోట, మళ్లీ చెలక. ఎండాకాలం తొమ్మిదిన్నరకల్లా ఒక్కో ముక్క ఒక్కో తీరుగా కాగుతుంది. దున్నిన చెలక మీద విమానం లేస్తుంది, చెరువు మీదికి రాగానే కిందికి జారుతుంది. ఫైనల్స్ కింద చెరువుంటే, అది రాకముందే చేయి థ్రాటిల్ మీద ఉండాలి. ఏప్రిల్‌లో ఎర్రదుమ్ము సుడి రన్‌వే వైపు నడిచొస్తుంటే అది పోయిందాకా దిగొద్దు. ఎండకు గాలి పల్చబడుతుంది కూడా. బేగంపేట రన్‌వే సముద్ర మట్టానికి 1742 అడుగుల ఎత్తు. బయట 42 డిగ్రీలుంటే ఇంజనుకూ రెక్కకూ అది 5400 అడుగుల కొండ మీదున్నట్టే లెక్క. 110 హార్స్‌పవర్ ఇంజనుకు అది చిన్న మాట కాదు. అందుకే వేసవిలో మా పని తెల్లారకముందే మొదలై, ఊళ్లో జనం అంబలి తాగే వేళకు అయిపోతుంది.

గొర్లమందలు ఇంకో సంగతి. పాలమూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మొదటి సోలోలో, అంటే మొదటిసారి ఒంటరిగా ఎగురుతూ, ఫైనల్స్ మీదుంది. చిన్న ఎయిర్‌స్ట్రిప్, కంచె ఒకచోట తెగి ఉంది. రెండు గొర్లు రన్‌వే ఎక్కాయి, వాటి వెనకాల మిగతా మంద. నేను రేడియో నోటి దగ్గర పెట్టుకుని మాట కోసం చూసుకునేలోపే ఇంజన్ మోత వినపడింది. ఆమె అప్పటికే గో-అరౌండ్ మొదలుపెట్టింది. ముక్కు ఒక్క డిగ్రీ ఎడమకు పోలేదు. చుట్టూ తిరిగొచ్చి, మందను తోలాక దింపింది. దిగాక నేను మెచ్చుకున్నది లాండింగ్‌ను కాదు, ఆ కుడి కాలును. ఆమె ఇప్పుడు ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్.

ఇప్పుడు మిర్యాలగూడ పిలగాడి సంగతి. పేరు అక్కర్లేదు, సంస్థ పేరూ అక్కర్లేదు. నాన్న రైసుమిల్లులో గుమాస్తా, ఇంటర్‌లో లెక్కలు బాగా చేసినవాడు, చేతుల పనితనం చక్కనిది. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు తానే కమాండ్‌లో ఉండాలి. అవన్నీ మొదలయ్యేది మొదటి సోలోతో. వీడు నాతో పద్నాలుగు గంటలు ఎగిరాడు. లేచి, రన్‌వే చుట్టూ తిరిగొచ్చి దిగే సర్క్యూట్లు బాగా కుదిరాయి. గంటలో ఎనిమిది తొమ్మిది లాండింగ్‌లు పడతాయి, అన్నీ మధ్య గీత మీదే. నాకు వాడంటే గర్వం.

సెప్టెంబరు నెల, బతుకమ్మ దగ్గర పడింది. రన్‌వే రెండు పక్కలా గునుగు తెల్లగా విరగబూసి ఉంది. ముందురోజు రాత్రి వాన పడింది. పొద్దున గాలి ఎడమ పక్క నుంచి ఆరేడు నాట్స్, అప్పుడప్పుడు ఎనిమిది. సెస్నా 152 తట్టుకోగలదని కంపెనీ చేసి చూపిన పక్కగాలి 12 నాట్స్. వాడితో మూడు లాండింగ్‌లు చేయించి, నేను దిగి, తలుపు మూసి, "ఒక్క సర్క్యూట్ కొట్టి రా" అన్నాను.

టేకాఫ్ బాగుంది. నా 78 కిలోలు దిగిపోతే ఆ చిన్న విమానం వేరే విమానమైపోతుంది. తొందరగా ఎక్కుతుంది, దిగేటప్పుడు ఎక్కువసేపు తేలుతుంది. అది చెప్పే పంపాను. ఫైనల్స్ మీద గాలికి ఎదురుగా ముక్కు కొంచెం ఎడమకు పెట్టుకుని, పీత నడిచినట్టు వస్తున్నాడు. అది సరైనదే. చక్రాలు తగలబోయే ముందు కుడి కాలితో ముక్కును రన్‌వేకు సూటిగా తిప్పి, ఎడమ రెక్క కొద్దిగా గాలి వైపు వంచి దిగాలి. వాడు తిప్పలేదు. తేలాడు, తేలాడు. ముక్కు ఎడమకు ఉండగానే తాకింది. ఎగిరింది. యోక్ ముందుకు తోశాడు. ముక్కు చక్రం ముందు పడింది. బరువంతా ముక్కు మీదికి రాగానే వెనక తేలికైంది, పక్కగాలి తోకను తోసింది, విమానం ముక్కు చక్రం మీద ఎడమకు తిరగడం మొదలుపెట్టింది.

ఆ సమయంలో వాడు చేసింది నాకు రెండు వందల మీటర్ల దూరం నుంచి కూడా కనపడింది. కుడి రెక్క వెనక అంచున ఉండే ఏలెరాన్ పైకి లేచింది. యోక్‌ను కారు స్టీరింగ్‌లా కుడికి తిప్పాడు. నేల మీద యోక్ విమానాన్ని తిప్పదు. కాళ్లు తిప్పుతాయి. గాలి ఎడమ నుంచి కొడుతుంటే యోక్ కుడికి తిప్పడమంటే గాలి వైపు రెక్కను ఎత్తి ఇవ్వడమే. ఎడమ చక్రం నేల వదిలింది, కుడి రెక్క కొస గడ్డిని రాసింది. రన్‌వే దాటి గునుగుల్లోకి పోయింది. బ్రేకులు తొక్కాడు. వానకు నానిన మట్టిలో ముక్కు చక్రం దిగబడింది, ప్రొపెల్లర్ మట్టిని కొట్టి ఆగింది.

నేను ఉరికాను. ఆ రెండు వందల మీటర్లు నాకు ఇప్పటికీ కాళ్లలో ఉన్నాయి. దగ్గరికి పోయేసరికి వాడు మిక్స్చర్ లాగేసి, మాస్టర్ స్విచ్ ఆపేసి, ఇంధనం వాల్వు మూసేసి, తలుపు తీసుకుని నిలబడ్డాడు. నేర్పింది నేర్పినట్టు చేశాడు. చేతులు వణుకుతున్నాయి, ఒంటి మీద గీతైనా లేదు. ప్రొపెల్లర్ రెండు కొసలూ వంగి ఉన్నాయి, ఒకదానికి ఇంత మట్టిముద్ద, అందులో నలిగిన గునుగు పువ్వు.

"గాలి గుంజింది సార్" అన్నాడు.

నేను ఏమీ అనలేదు. నీళ్లు తాగించి నీడకు తీసుకుపోయాను. అనుమతి వచ్చేదాకా విమానాన్ని కదపకూడదు. ఆ రాత్రి అది అక్కడే, మట్టిలో ముక్కు పెట్టుకుని, పక్కన వాచ్‌మన్ మంచం. తర్వాత మా ఇంజనీర్లు ఇంజన్ మొత్తం విప్పారు. తిరుగుతున్న ప్రొపెల్లర్ నేలను కొట్టి ఆగితే, ఇంజన్ పైకి బాగానే కనపడినా లోపల క్రాంక్‌షాఫ్ట్‌కు చీలిక వచ్చి ఉండొచ్చు. విప్పి చూడకుండా ఎగరనివ్వరు. వాళ్లు రోజుల తరబడి నూనె చేతులతో చేసిన ఆ పనిని ఎవరూ ఫోటో తీయరు. కానీ మేం ధైర్యంగా గాల్లోకి లేస్తున్నామంటే వాళ్ల సంతకం మీద లేస్తున్నాం.

సాయంత్రానికి వాడి నాన్న మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చాడు. విమానం వైపు చూడనే లేదు. కొడుకు భుజాలు, మెడ, చేతులు తడిమి చూసుకుని, "సారూ, పిలగానికి ఏం కాలే గదా, గంతే చాలు" అన్నాడు. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. వాడెందుకు కాలు వేయలేదు? నాతో మూడుసార్లు అదే గాలిలో దింపాడు, ఒక్కసారి తప్పలేదు.

రెండోరోజు సికింద్రాబాద్ పోయాను. సార్ రిటైరై చాలా ఏళ్లయింది, మోకాళ్లు పనిచేయడం లేదు, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. మొత్తం విన్నారు. మధ్యలో ఒక్కటే అడిగారు.

"వాడు దించేటప్పుడు నీ కాళ్లు యాడున్నయ్?"

"పెడళ్ల మీదనే సార్. ఎప్పుడూ అక్కడే ఉంటయి గదా, ఏమన్నా అయితే..."

"పద్నాలుగు గంటలూనా?"

నాకు నోట మాట రాలేదు. సెస్నాలో రెండు వైపుల పెడళ్లూ కలిసే కదులుతాయి. ఒకరు తొక్కితే ఇంకొకరి పాదాల కింద అవే కదులుతాయి. ముక్కు కాస్త పక్కకు పోయినప్పుడల్లా నా కాలు నాకే తెలియకుండా సర్దేసింది. ఇరవై ఏళ్ల అలవాటు, నిద్రలో కూడా పనిచేసే కాళ్లు. పెడళ్లు కదులుతున్నాయి కాబట్టి తన కాళ్లే కదిలిస్తున్నాయని వాడు నమ్మాడు. వాడు తిప్పుతున్నాడని నేను నమ్మాను. మధ్య గీత మీద పడ్డ ఆ లాండింగ్‌లన్నీ వాడి చేతులూ నా కాళ్లూ కలిసి చేసినవి. ఆరోజు నేను తలుపు మూసి దిగినప్పుడు వాడి కాళ్లను కూడా దింపుకుని వెళ్లిపోయాను.

విచారణలో ఇదే రాసి సంతకం పెట్టాను. కొందరు స్నేహితులు అంత వివరంగా రాయకుంటే ఏం పోయిందన్నారు. రాయకపోతే పిలగాడి ఫైలులో వాడి తప్పొక్కటే ఉండిపోయేది. నాక్కూడా మళ్లీ చెక్ ఫ్లైట్ పెట్టారు, అది న్యాయమే.

అప్పటినుంచి నేను నేర్పే తీరు మార్చాను. ఇది ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్‌కు చదువుతున్న పిల్లలు ముఖ్యంగా వినాలి. నేను ఎక్కగానే, "నా కాళ్లు చూడు" అని చెప్పి, పాదాలు రెండూ వెనక్కి, సీటు అంచు దాకా లాగి పెడతాను. దిగే ముందు మళ్లీ చూపిస్తాను. గాలి ఎక్కువుండి నేను పెడలు ముట్టుకోవాల్సి వస్తే, "కాలు నాది" అని గట్టిగా అంటాను, తీసేటప్పుడు "కాలు నీది" అంటాను. సార్ పాత పద్ధతి ఒకటి తిరిగి తెచ్చాను. విమానం ఎగరకుండానే రన్‌వే పొడుగునా నడక వేగంతో పోవాలి, చేతులు ఒళ్లో. ముక్కు చక్రం మధ్య గీత వదలకూడదు. చెరువు కట్ట మీద సైకిలు నేర్చుకున్న పిల్లలకు ఇది తొందరగా వస్తుంది. హ్యాండిల్ బిగించి పట్టుకున్నవాడు నీళ్లల్లో పడతాడు, చిన్నచిన్నగా కదిలిస్తూ ఉన్నవాడు దాటుతాడు. పెడలు ఒకసారి తొక్కి వదిలేది కాదు, పాదం ఎప్పుడూ అటూ ఇటూ బతికుండాలి.

అదే కాలు పైన ప్రాణం తీయగలదు, ఆ సంగతీ చెప్పాలి. రన్‌వేకు అడ్డంగా వచ్చే బేస్ నుంచి ఫైనల్స్‌కు తిరిగేటప్పుడు రన్‌వే గీత దాటిపోయావనుకో, ఇంకాస్త తొందరగా తిప్పుదామని పెడలు ఎక్కువ తొక్కబుద్ధవుతుంది. నెమ్మదిగా ఉన్న విమానానికి అట్లా తొక్కితే ఒక రెక్క ముందు స్టాల్ అయి, బొంగరమై తిరిగి కిందికి పోతుంది. అయిదు వందల అడుగుల ఎత్తులో దాన్ని లేపే చోటు ఉండదు. గీత దాటితే దాటనీ. గో-అరౌండ్ చేసి మళ్లీ రా. లాండింగ్‌లో పట్టు తప్పితే ఎక్కువసార్లు వంగేది రేకు. గాల్లో తప్పితే అట్లా కాదు.

2019 అక్టోబరు 6న వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ దగ్గర సెస్నా 172 కూలి ఇద్దరు ట్రైనీలు పోయారు. 2022 ఫిబ్రవరి 26న మన నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి చేలల్లో సెస్నా 152 కూలింది, ఒంటరిగా ఎగురుతున్న ట్రైనీ అమ్మాయి చనిపోయింది. నేను సార్టీలకు ఎన్నోసార్లు దాటిన చేలు అవి. సాగర్ నీళ్లు ఒక పక్క, హాలియా వైపు పచ్చని మళ్లు ఇంకో పక్క. ఆ వార్త విన్న రోజు మా బ్రీఫింగ్ గదిలో ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. ఆ పిల్లలెవరూ నా స్టూడెంట్లు కారు. అయినా తలుపు మూసి, కిందికి దిగి, చేయి ఊపి పంపినవాడికి ఆ రోజు ఎట్లా ఉంటుందో కుడి సీట్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఇప్పటికీ ఆ చేల మీదుగా పోయేటప్పుడు నేను పాఠం ఆపేసి కాసేపు మౌనంగా ఉంటాను. పక్కన కూర్చున్న పిల్లలు ఎందుకని అడగరు, వాళ్లకూ తెలుసు.

మిర్యాలగూడ పిలగాడు దసరా నాడు మా ఇంటికి జమ్మి ఆకు పట్టుకొచ్చాడు. బంగారం చేతిలో పెట్టి కాళ్లకు మొక్కబోతే ఆపాను. "సార్, నన్ను మళ్లీ ఎగరనిస్తరా?" అన్నాడు. ఎగరనిస్తారు, కానీ మొదటి నుంచీ మొదలుపెడదాం అన్నాను. నవంబరు, డిసెంబరు రెండు నెలలు వాడు ఎక్కువగా నేల మీదే నడిపాడు. మొదటివారం మధ్య గీత మీద పాములా పోయాడు. రెండో వారానికి వంకర తగ్గింది. తర్వాత మూడు వేల అడుగుల ఎత్తున రెండు రెక్కలూ మార్చి మార్చి వంచుతూ ముక్కును దూరంగా కనపడే దేవరకొండ గుట్ట మీదనే నిలబెట్టే పని చేయించాను. కాళ్లూ చేతులూ వేర్వేరుగా పనిచేయడం వాడికి అక్కడ పట్టుబడింది. ఒకరోజు తనంతట తానే నవ్వి, "సార్, ఇప్పుడు పెడలు బరువు తెలుస్తోంది" అన్నాడు. ఆ మాట కోసమే రెండు నెలలు ఎదురుచూశాను.

జనవరిలో, సంక్రాంతి దాటిన వారం, మంచు విడిచిన పొద్దున మళ్లీ దిగాను. గాలి ఎడమ పక్క నుంచే, అయిదు నాట్స్. ఈసారి రేడియో పట్టుకుని రన్‌వే మధ్య దాకా పోయి నిలబడ్డాను. వచ్చాడు. ముక్కు ఎడమకు, పీత నడక. అంచు దాటాడు. నేలకు నాలుగడుగుల ఎత్తున ముక్కు మెల్లగా కుడికి తిరిగి రన్‌వేకు సూటిగా అయింది, ఎడమ రెక్క చిటికెడు వంగింది. రీడు కూత నాకూ వినపడింది. ఎడమ చక్రం, తర్వాత కుడి చక్రం. ముక్కు చాలాసేపటికి. రడ్డర్ అటూ ఇటూ కదులుతూనే ఉంది, వేగం చచ్చిపోయినా కదులుతూనే ఉంది.

విమానాలు నిలిపే డిస్పర్సల్ దాకా వెనకాలే నడిచాను. ఇంజన్ ఆపాడు, ప్రొపెల్లర్ ఆగింది, కుర్రాడెవరో చాక్ పెట్టాడు. నేను పోయి తలుపు తీశాను. వాడు నిటారుగా కూర్చుని ముందుకే చూస్తున్నాడు. బూట్లు రెండూ ఇంకా పెడళ్ల మీదే ఉన్నాయి, సన్నగా కదులుతున్నాయి.

"చాక్ బెట్టిండ్రు బిడ్డా" అన్నాను. "ఇగ దిగు."